సాఫ్ట్‌వేర్ ఎంపికలో పైకి కనపడని భారం

కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకోవాలనుకున్న ఆఫీసులో ముందుగా ఒక పట్టిక తయారవుతుంది. ఎడమవైపు ఫీచర్ల పేర్లు, పైన నాలుగైదు కంపెనీల పేర్లు, గళ్లలో టిక్కులు. ఎక్కువ టిక్కులు ఎవరికి పడితే వాళ్లదే ఆర్డరు. కొన్ని నెలలు తిరిగేసరికి అదే ఆఫీసులో సగం మంది పగలంతా పాత ఎక్సెల్ ఫైల్లో పని చేసుకుని, సాయంత్రం పూట అదే సమాచారాన్ని కొత్తదాంట్లోకి ఎక్కిస్తుంటారు. పని తగ్గకపోగా రెండింతలవుతుంది.

ఆ పట్టికలోని టిక్కులన్నీ నిజమే అయినా ఇలా జరుగుతుంది. ఎందుకంటే అసలు లెక్క అందులో లేదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మనకు ఒక కష్టం తీసేసినట్టు కనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఆ కష్టం ఎక్కడికీ పోదు. ఒకరి నెత్తి మీద నుంచి ఇంకొకరి నెత్తి మీదికి వెళ్తుంది, లేదా ఇవాళ్టి నుంచి రెండేళ్ల తర్వాతికి వాయిదా పడుతుంది, లేదా మన గదిలోని కంప్యూటర్ నుంచి మనకు తెలియని ఎవరిదో సర్వర్ మీదికి చేరుతుంది. అది ఎక్కడికి చేరిందో కనిపెట్టగలిగితే ఏది తీసుకోవాలన్నది చాలావరకు తేలిపోతుంది.

మనుషుల మధ్య ఈ భారం ఎలా చేతులు మారుతుందో చూడాలంటే కస్టమర్ల వివరాలు ఎక్కించే ఫారమ్ ఒకటి తెరిస్తే చాలు. మేనేజర్‌కి వారం వారం రిపోర్టు కావాలి. డెమోలో ఆ రిపోర్టు రంగురంగుల గ్రాఫులతో కళకళలాడుతుంది. ఆ గ్రాఫు రావాలంటే కింద ఇరవై గళ్లు నింపాలి, ప్రతి గడి పక్కనా తప్పనిసరి అని ఎర్ర నక్షత్రం. అవతల మనిషి ఫోన్లో ఎదురుచూస్తుంటే ఇవతల ఉద్యోగి ఏం చేస్తారు? తెలియని గడిలో ఒక చుక్క పెడతారు, జాబితాలో ‘ఇతరములు’ నొక్కుతారు, పుట్టిన తేదీ జనవరి 1 అని కొట్టి సేవ్ చేస్తారు. కొన్నాళ్లకు రిపోర్టు తీస్తే కస్టమర్లలో సగం మంది జనవరి 1నే పుట్టి ఉంటారు. ఇందులో సిబ్బంది బద్ధకం ఏమీ లేదు. చూసేవాళ్ల సౌకర్యానికి నింపేవాళ్ల టైము ఖర్చు పెట్టమన్నారు, ఆ టైము వాళ్ల దగ్గర లేదు. అందుకే రోజూ టైపు చేసేవాళ్లు డెమోలో కూర్చోవాలి, కొనే విషయంలో వాళ్ల మాటే ముందు వినాలి. వాళ్లు మనసుపెట్టి వాడని సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఏ రిపోర్టునూ నమ్మలేం.

ఎక్సెల్ దగ్గర కాస్త ఆగాలి. ఎన్ని కొత్త యాప్‌లు వచ్చినా ఆఫీసులు మళ్లీ మళ్లీ దాని దగ్గరికే ఎందుకు చేరతాయో అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. స్ప్రెడ్‌షీట్ ఎవరి అనుమతీ అడగదు. కొత్త కాలమ్ కావాలంటే ఐటీ విభాగానికి ఉత్తరం రాయక్కర్లేదు, పక్కన టైపు చేస్తే చాలు. మన పని ఎలా ఉంటుందో మనకే పూర్తిగా తెలియని మొదటి రోజుల్లో ఇంతకు మించిన సాధనం లేదు. దాన్ని చులకనగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే ఆ స్వేచ్ఛకు ఒక ఖరీదు ఉంది. మనం అడగకుండానే అది కొన్ని నిర్ణయాలు తీసేసుకుంటుంది, తీసుకున్నట్టు చెప్పదు. సున్నాతో మొదలయ్యే కోడ్ కొడితే సంఖ్య అనుకుని ఆ సున్నా తీసేస్తుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకుంటుంది కాబట్టి, 16 అంకెల కార్డు నంబరు మామూలు గడిలో కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టిక) మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోసారి పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారతాయి. ఫైలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతిలో ఉన్నా, ఆ సంగతి చెప్పే గుర్తు దాని మొదట్లో లేకపోతే ఎక్సెల్ వేరే ఎన్‌కోడింగ్ అనుకుంటుంది. ఫైలు పాడవలేదు, తెరిచిన తీరు తప్పు. కానీ ఆ పిచ్చి గుర్తుల్ని చూసి హడలిపోయి అలాగే సేవ్ కొడితే మాత్రం నిజంగానే పాడవుతుంది.

జీవశాస్త్రవేత్తలకు ఇది ఎంత పెద్ద తలనొప్పి అయిందంటే, చివరికి జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. సెప్ట్1, మార్చ్1 లాంటి పేర్లను ఎక్సెల్ సెప్టెంబర్ 1, మార్చి 1 అని తేదీలుగా మార్చేసేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో కొత్త నియమాలు ప్రకటించింది. సెప్ట్1 కాస్తా సెప్టిన్1 అయింది. ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ మారేవరకు ఆగలేక శాస్త్రం తన పేర్లు మార్చుకుందంటే, అలవాటైన సాధనం మన పనిని ఎంతగా వంచుతుందో ఊహించుకోండి.

ఇంగ్లండ్‌లో 2020లో జరిగింది ఇంకా తీవ్రమైనది. కోవిడ్ పరీక్షల ఫలితాలు ల్యాబుల నుంచి సీఎస్‌వీ ఫైళ్లుగా వచ్చేవి. వాటిని ప్రజారోగ్య విభాగం ఎక్సెల్ పాత ఫైలు రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోకి ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరసలకు మించి పట్టవు. 2007 నుంచి వస్తున్న కొత్త ఫార్మాట్‌లో అయితే 10,48,576 వరసలు పడతాయి. ఒక్కో కేసుకు కొన్ని వరసలు పట్టడంతో షీటు నిండిపోయింది, మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఫలితం అందింది గానీ, వాళ్లను కలిసినవాళ్లను వెతికి హెచ్చరించడం ఆలస్యమైంది. ఎక్సెల్ తన పరిమితిని ఎక్కడా దాచలేదు. కాకపోతే చిన్న పనికి సరిపోయిన పద్ధతి పెద్ద పనికి సరిపోతుందా అని ఆగి చూసుకునే బాధ్యత అక్కడ ఎవరి మీదా లేకుండా పోయింది.

స్ప్రెడ్‌షీట్ దాటి ముందుకు వెళ్లాల్సిన సమయం వచ్చిందని దాని సైజుకన్నా ముందు అలవాట్లు చెబుతాయి. ఒకే కస్టమర్ పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఉండటం, ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే వాడండి’ అని మూడు ఫైళ్లు మెయిళ్లలో తిరగడం, ఈ అంకె ఎవరు మార్చారని ఎవరినడిగినా తెలియకపోవడం. వీటిలో ఏ ఒక్కటి రోజూ ఎదురవుతున్నా డేటాబేస్ (ముందే ఖరారు చేసిన నియమాల ప్రకారం సమాచారాన్ని ఒకే చోట దాచే వ్యవస్థ) ఆధారంగా నడిచే సాఫ్ట్‌వేర్ వైపు చూడొచ్చు. అక్కడ కొత్త కాలమ్ కావాలంటే ఎవరినో అడగాలి, ఆగాలి. ఆ విసుగు భరించగలిగితేనే వెళ్లాలి, ఎందుకంటే డేటా శుభ్రంగా ఉండేది దానివల్లే.

ఇక క్లౌడ్. సొంత కంప్యూటర్లో దాచుకోవాలా, ఆన్‌లైన్ సేవలో పెట్టాలా అన్నది చాలామందికి భద్రత ప్రశ్నలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది ముందు బాధ్యత ప్రశ్న. సొంత సర్వర్ పెట్టుకుంటే అప్‌డేట్లు చేయడం, డిస్కు పాడైతే మార్చడం, బ్యాకప్ నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించడం ఎవరో ఒకరి ఉద్యోగం కావాలి. ‘ఖాళీ ఉన్నప్పుడు ఫలానా ఆయన చూస్తారు’ అంటే ఎవరూ చూడరనే అర్థం. అలాంటి మనిషి లేని చిన్న ఆఫీసుకు క్లౌడే మేలని నిస్సంకోచంగా చెప్తాను.

క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన బ్యాకప్ అయిపోయిందనుకోవడం మాత్రం ప్రమాదం. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ చేసే పనల్లా అన్ని పరికరాల్లో ఒకే స్థితి ఉంచడం. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ డిలీట్ చేస్తే ఫోన్లోనూ, ఆన్‌లైన్‌లోనూ అంతే నమ్మకంగా డిలీట్ అవుతుంది. ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటుంది, ఆ గడువు దాటితే లేదు. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ తీశామని నిశ్చింతగా ఉండేవాళ్లు ఒకసారి ఆ ఫైళ్ల సైజు చూడాలి. గూగుల్ డాక్స్‌లో రాసినవి అక్కడ చిన్న జీడాక్ ఫైళ్లుగా ఉంటాయి. వాటిలో మన రాత ఒక్క అక్షరం కూడా ఉండదు, ఆన్‌లైన్లో ఆ డాక్యుమెంట్ ఎక్కడుందో చెప్పే లింకు మాత్రమే ఉంటుంది. ఖాతా పోతే ఆ పెన్‌డ్రైవ్‌లో మిగిలేవి చెల్లని లింకులే. వర్డ్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో డౌన్‌లోడ్ చేసుకుంటేనే అది మన కాపీ.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే ఆన్‌లైన్ సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్ పద్ధతులు అయిదున్నాయి గానీ ఏదీ అనుకున్నట్టు పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. అదృష్టవశాత్తు సుమారు ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి దొరికింది. 2022 ఏప్రిల్‌లో, ఆఫీసు పనుల జాబితాలు నిర్వహించే సాఫ్ట్‌వేర్ అమ్మే అట్లాషియన్ కంపెనీ నడిపిన ఒక స్క్రిప్టు (వరస ఆదేశాల చిన్న ప్రోగ్రాం) 775 కస్టమర్ల సైట్లను చెరిపేసింది, కొందరికి తిరిగి అందడానికి రెండు వారాలు పట్టింది. వాళ్ల దగ్గర డేటా భద్రంగానే ఉంది. కానీ ఆ రెండు వారాలూ తమ పనుల జాబితా కూడా చూసుకోలేని ఆఫీసుల సంగతేంటి? నెలకోసారి ముఖ్యమైనవి ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టుకోవడం, ఏడాదికోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడటం క్లౌడ్ వాడేవాళ్లకూ అవసరమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

డబ్బు విషయానికొస్తే, ఉచితం అన్నది ఒక స్థితి మాత్రమే, ఎప్పుడైనా మారవచ్చు. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనన్ని ఫొటోలు ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1న ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్కించినవన్నీ మెయిల్‌తో కలిపి 15 జీబీలో సర్దుకోవాల్సి వచ్చింది. నోట్లు రాసుకునే యాప్ ఎవర్‌నోట్ 2023 చివర్లో ఉచిత ఖాతాను 50 నోట్లకు, ఒక్క నోట్‌బుక్‌కు కుదించింది. ఆఫీసు చాట్ యాప్ స్లాక్ ఉచిత ఖాతాలో 2022 సెప్టెంబర్ నుంచి 90 రోజుల సందేశాలే కనిపిస్తున్నాయి. ఇవి మోసాలని నేను అనను. సర్వర్లు నడపడానికి నెలనెలా డబ్బు కావాలి, అది ఎక్కడో ఒక చోటి నుంచి రావాలి. అయితే నిబంధన మారే రోజుకి మన పదేళ్ల ఫొటోలు వాళ్ల దగ్గర ఉంటాయి, బేరమాడే బలం మన దగ్గర ఉండదు.

డబ్బు కట్టినంత మాత్రాన భరోసా ఏమీ లేదు. ఫొటోషాప్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు చేసే అడోబీ 2013లో కొత్త వెర్షన్లను ఒకసారి కొని ఉంచుకునే పద్ధతి ఆపేసి చందాకు మారింది. చందా ఆపితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, దాని సొంత ఫార్మాట్‌లో దాచుకున్న డిజైన్లను మళ్లీ సవరించాలంటే మళ్లీ చందా కట్టాలి. మరోవైపు, ఏడాదికి రెండు నెలలే ఆ పని చేసేవాళ్లకు ఒకేసారి పెద్ద మొత్తం పెట్టడం కన్నా చందాయే చవక. ఆఫీసుల్లో అసలు చిక్కు తలకింత అని వసూలు చేసే పద్ధతితో వస్తుంది. అయిదుగురితో మొదలైనప్పుడు భారం అనిపించదు, యాభై మందికి వచ్చేసరికి తడిసి మోపెడవుతుంది. అప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి ముగ్గురు నలుగురు ఒకే లాగిన్ వాడటం మొదలుపెడతారు. ఆ క్షణంలో ఎవరు ఏం మార్చారన్న చిట్టా పనికిరాకుండా పోతుంది. ఒకరు ఉద్యోగం మానేస్తే పాస్‌వర్డ్ మార్చాలి, మారిస్తే మిగతావాళ్లు ఆగిపోతారు, అందుకని ఎవరూ మార్చరు. అందుకే ధర పోల్చేటప్పుడు ఇవాళ్టి సిబ్బందితో పాటు, మూడేళ్ల తర్వాత ఎంతమంది ఉండొచ్చో ఆ సంఖ్యతోనూ గుణించి చూడాలి.

ఆఫీసు మాటలు ఎక్కడ మాట్లాడుకోవాలన్నదీ ఇలాంటిదే. మెయిల్ పాతది, నెమ్మది. అయినా దాని వెనక 1982 నాటి బహిరంగ ప్రమాణం ఉంది కాబట్టి ఏ కంపెనీ ఖాతా నుంచి ఏ కంపెనీ ఖాతాకైనా వెళ్తుంది, ఎవరి కాపీ వాళ్ల దగ్గర ఉంటుంది. చాట్ వేగంగా ఉంటుంది, ‘డియర్ సర్’ మొహమాటాలు ఉండవు, చిన్న సందేహం నిమిషంలో తీరుతుంది. కానీ మధ్యాహ్నం తీసుకున్న నిర్ణయం సాయంత్రానికి శుభాకాంక్షల కింద, బొటనవేళ్ల బొమ్మల కింద కూరుకుపోతుంది. ఉద్యోగుల సొంత ఫోన్లలో, సొంత నంబర్లతో నడిచే గ్రూపుల్లో అయితే ఆఫీసు జ్ఞాపకమంతా ఆఫీసుది కాకుండా పోతుంది. మనిషి మానేస్తే ఫైళ్లూ ఆయనతోనే వెళ్తాయి. చాట్ మానేయమని ఎవరూ అడగలేరు, అడిగినా జరగదు. నిర్ణయం అయిపోయిన వెంటనే రెండు వాక్యాల్లో దాన్ని మెయిల్‌లోనో అందరూ చూసే డాక్యుమెంట్‌లోనో రాయడం ఒకరి పనిగా అప్పజెప్పితే చాలావరకు గట్టెక్కుతాం.

పరికరాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ వేగం, కెమెరా మెగాపిక్సెల్స్ పోల్చే ముందు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూడండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి గూగుల్ ఏడేళ్లు ఇస్తానంది, అంతకన్నా చాలా తక్కువ ఏళ్లు ఇచ్చే ఫోన్లూ మార్కెట్లో ఉన్నాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు కొత్త తరం ప్రాసెసర్ కావాలి, దాంతో నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో దారి లేక నిలబడిపోయాయి.

కొన్నిసార్లు మనల్ని ఒక సాఫ్ట్‌వేర్‌కు కట్టిపడేసేది మన ఆఫీసు గోడల బయట ఉంటుంది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్ వదిలి, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కి మారాలని నిర్ణయించింది. 2013 నాటికి దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి. 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించారు. అందులో రాజకీయాలూ ఉన్నాయి. అవి పక్కన పెట్టినా, బయటి సంస్థలు పంపే డాక్యుమెంట్లు ఇక్కడ తెరిస్తే చెదిరిపోవడం, కొన్ని ప్రత్యేక అవసరాల సాఫ్ట్‌వేర్లు విండోస్ మీద తప్ప నడవకపోవడం చివరిదాకా వదలని ఇబ్బందులు. ఓపెన్ ఫార్మాట్లను (ఏ ఒక్క కంపెనీ సొంతం కాని, ఎవరి సాఫ్ట్‌వేర్ అయినా తెరవగల ఫైలు రకాలను) మనస్ఫూర్తిగా సమర్థించే నాకు కూడా ఇందులో కాదనలేని పాఠం ఉంది. మనం రోజూ ఎవరితో ఫైళ్లు మార్చుకుంటామో వాళ్లు ఏం వాడుతున్నారన్నది కూడా మన ఎంపికలో భాగమే. లోపల దాచుకునేవి ఓపెన్ ఫార్మాట్‌లో, బయటికి పంపేవి అవతలివాళ్లకు తెరుచుకునే ఫార్మాట్‌లో ఉంచుకోవడం చాలామందికి కుదిరే మధ్యేమార్గం. 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణంగా ఉన్న పీడీఎఫ్ చదివించడానికి బాగుంటుంది, దిద్దించడానికి పనికిరాదు.

ఇన్ని తెలిశాక కూడా ఎంపిక తేలకపోతే, రెండు పరీక్షలు చేయమంటాను. మొదటిది, అమ్మేవాళ్లు తెచ్చిన నమూనా డేటా వద్దని చెప్పి, గడచిన వారం మన ఆఫీసులో నిజంగా జరిగిన పని మొత్తం అందులో చేసి చూడటం. రద్దయిన ఆర్డర్లు, రెండుసార్లు వచ్చిన బిల్లులు, పేరు తప్పుగా పడిన కస్టమర్లు అన్నీ ఉండాలి. కొత్తవంటే భయపడే ఉద్యోగి చేతికే దాన్నివ్వాలి, పక్కన కూర్చుని సాయం చేయకూడదు. ఎక్కడ ఆగిపోతారో అక్కడే శిక్షణ ఖర్చు ఉంది.

రెండోది, చేరకముందే బయటికి వచ్చి చూడటం. ట్రయల్ ఖాతాలో కొన్ని రికార్డులు, అటాచ్‌మెంట్లు, కామెంట్లు పెట్టి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. వచ్చిన ఫైలును ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. చాలాచోట్ల పట్టిక వస్తుంది గానీ అటాచ్‌మెంట్లు రావు, కామెంట్లు రావు, ఎవరు ఎప్పుడు రాశారన్నది రాదు. గూగుల్ ఫొటోస్ నుంచి టేకౌట్‌తో (గూగుల్ ఇచ్చే డౌన్‌లోడ్ సదుపాయం) తెచ్చుకున్నా ఫొటో ఒక చోట, మనం సరిచేసిన తేదీ, రాసుకున్న వివరణ పక్కన జేసన్ అనే వేరే రకం ఫైలులో వస్తాయి, వాటిని మళ్లీ కలపడం వేరే పని. ఇలా ఏది రావడం లేదో అది మీకు ఎంత ముఖ్యమో చూసుకోండి. కామెంట్లు పోయినా ఫర్వాలేదనుకునే ఆఫీసులుంటాయి, ఆ కామెంట్లలోనే ఆమోదాలన్నీ ఉన్న ఆఫీసులూ ఉంటాయి. ఖాతా మూసేశాక మన డేటాను ఎన్ని రోజులు ఉంచుతారు, ఏ ఫార్మాట్‌లో ఇస్తారు, దానికి వేరే రుసుము ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు మాటల్లో కాకుండా ఒప్పందంలో రాయించుకోండి. డబ్బు కట్టకముందు అడిగితే ఈ జవాబులు త్వరగా వస్తాయి.